కప్పులో కోడిగుడ్డు జున్ను

మా చెల్లెలి కూతురికి రెండేళ్లు నిండాయి. మొన్న రేణిగుంటలో మా ఇంటికి వచ్చినప్పుడు చూస్తే, పిల్ల కోడిగుడ్డు ముట్టదు. ఉడకబెట్టి పెడితే పచ్చసొన పొడిపొడిగా గొంతుకు అడ్డం పడుతుంది. అట్టు వేస్తే నమిలి నమిలి ఉమ్మేస్తుంది. "అంగన్‌వాడీలో ఇచ్చిన గుడ్లన్నీ నేనే తింటున్నానక్కా" అని చెల్లెలి మొర.

మా పక్కింటాయన శ్రీసిటీలో పని చేస్తాడు. 2016లో ఇసుజు బండ్ల ఫ్యాక్టరీ మొదలైంది అక్కడే, జపాన్ కంపెనీలు ఇంకా చాలా ఉన్నాయి. వాళ్ల పిలకాయలకు పెట్టే గుడ్డు వంటకం ఒకటుందని ఆయన భార్య చెప్పింది. పేరు చావన్‌ముషి. చావన్ అంటే టీ గిన్నె, ముషి అంటే ఆవిరి మీద ఉడికించింది. చూడ్డానికి అచ్చం మన జున్నే. తీపి మాత్రం ఉండదు.

ఒక గుడ్డును నురగ రాకుండా మెల్లిగా గిలకొట్టండి. సొన ఎంత ఉంటే దానికి మూడింతలు తేట చారు కలపాలి. జపాన్ వాళ్లు ఎండుచేప, సముద్రపు నాచు వేసి ఆ చారు కాచుకుంటారు. మనకు కోడి ఎముకలు ఉడికించిన నీళ్లు చాలు. లేదంటే క్యారెట్, ఉల్లిపాయ ఉడికించి వడకట్టినవి. బాగా చల్లారాకే కలపండి, వేడిగా పోస్తే గుడ్డు ఉండలు కడుతుంది. చిటికెడు ఉప్పు వేసి టీ జల్లెడలో వడకట్టండి. ఇక్కడ బద్ధకించకండి, నున్నదనమంతా ఇందులోనే ఉంది. చిన్న స్టీలు గిన్నెల్లో పోసి, మెత్తగా ఉడికిన క్యారెట్ ముక్కలు నాలుగు వేసి, ఇడ్లీ పాత్రలో పెట్టాలి.

మొదటిరోజు నేను ఇడ్లీకి పెట్టినట్టే పెద్ద మంట పెట్టేశాను. మూత తీస్తే తేనెపట్టులా బొక్కలు, చుట్టూ నీళ్లు! పిల్ల ఒక చెంచా తిని నా చీర మీదే ఉమ్మింది. తప్పు మంటది. ఇడ్లీకి 100 డిగ్రీల ఆవిరి కావాలి. ఇది 80 దగ్గరే గడ్డకడుతుంది, అంతకు మించి కాగితే విరిగిపోతుంది. అందుకే నీళ్లు కాగాక రెండు నిమిషాలు మామూలు మంట, ఆ తర్వాత బాగా తగ్గించి, మూత కింద గరిటె అడ్డం పెట్టి పన్నెండు, పదిహేను నిమిషాలు ఉంచండి. మధ్యలో పుల్లతో గుచ్చితే పచ్చి సొన రాకూడదు. వస్తే ఇంకాసేపు ఉంచాల్సిందే, చిన్నబిడ్డలకు సగం ఉడికింది వద్దు.

ఏడాది లోపు బిడ్డకైతే ఉప్పు వేయకండి. గుడ్డు మొదటిసారి పెడుతుంటే ఒక్క చెంచాతో ఆపి, దద్దుర్లు, వాంతులు వస్తాయేమో చూడండి.

రెండోరోజు గిన్నె ఖాళీ. ఇప్పుడు ఊరి నుంచి ఫోన్‌లో "పెద్దమ్మా, జున్ను" అంటోంది. అసలు పేరుకు దానికి నోరు తిరగలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ తిరగలేదు.