ఆకాశంల పళ్లాలు సరే, అడవిల బోర్ల కాయితం ఏది?

తమ్ముండ్లు, చెల్లెండ్లు, ఈ నడుమ మీ ఫోన్లల్ల ఎగిరే పళ్లాల వీడియోలు మస్తు తిరుగుతున్నయి. గద్వాల నుంచి ఒకరు, వనపర్తి నుంచి ఒకరు పంపి "అన్నా, సర్కార్లు మన దగ్గర ఏదో దాస్తున్నయి గదా?" అని అడుగుతున్నరు. దాస్తయి, అండ్ల అనుమానం లేదు. సర్కార్ మాటను అనుమానించుడు తప్పు గూడ కాదు. గాని ఆ అనుమానాన్ని యాడ ఖర్చు పెడుతున్నమో జూసుకోవాలె.

ముందుగాల అమెరికా ముచ్చట జెప్త. 2023 జులై 26 నాడు అక్కడి పార్లమెంటు కమిటీ ముందట డేవిడ్ గ్రష్ అనే పాత నిఘా అధికారి ప్రమాణం జేసి మాట్లాడిండు. మనుషులు చెయ్యని యంత్రాలు సర్కార్ దగ్గర ఉన్నయన్నడు. తను కండ్లార జూడలేదు, తెలిసినోళ్లు జెప్పిండ్రన్నడు. 2024 మార్చిల అక్కడి రక్షణ శాఖ రిపోర్టు ఇచ్చింది: గ్రహాంతరవాసుల ఆధారం ఒక్కటి గూడ దొరకలేదని. మస్తుమంది నమ్మలె.

ఎట్ల నమ్ముతరు? 1947ల రాస్వెల్ దగ్గర ఏందో కూలింది. సైన్యం ముందుగాల ఎగిరే పళ్లెం దొరికిందన్నది, గంటల్లనే వాతావరణ బెలూన్ అని మాట మార్చింది. అసలు సంగతి ఏందో 1994 దాక జెప్పలే. సోవియట్ రష్యా అణు పరీక్షలను పసిగట్టెటందుకు రహస్యంగ ఎగరేసిన బెలూన్ల సామాను అది. ప్రాజెక్ట్ మొగల్ అని దాని పేరు. 47 ఏండ్లు నోరు మూసుకున్న సర్కార్ ఇయ్యాల నిజం జెప్పినా జనం చెవికి ఎక్కదు. దాచింది అణుబాంబు పని. ఊరేగింది గ్రహాంతరవాసుల కత.

బెలూన్లు మన దగ్గర గూడ ఉన్నయి. హైదరాబాద్ ఈసీఐఎల్ కాడ టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉన్నది. పెద్ద పెద్ద ప్లాస్టిక్ బెలూన్లల్ల హైడ్రోజన్ నింపి 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పరికరాలు పంపుతరు. పని అయినంక అవి పారాచూట్‌తోని కిందికి దిగుతయి. 2022 డిసెంబర్‌ల వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్లల గుండ్రటి పెద్ద యంత్రం దిగితే జనం బెదిరిండ్రు. అది ఒక స్పెయిన్ కంపెనీ పరీక్షకు పంపిన క్యాప్సూల్ అని తర్వాత తెలిసింది. బెలూన్లు వదిలేముందు ప్రకటన ఇస్తరు, నిజమే. గాని చెలకల పనిజేసే మనిషి దాక ఆ మాట రాకుంటే, మీదికెల్లి దిగినదాన్ని ఆయన ఏమనుకోవాలె? ఊర్ల డప్పు కొట్టి జెప్తే సగం పుకార్లు పుట్టనే పుట్టవు.

ఇగ అసలు ముచ్చట. బేగంపేటల ఇంకో ఆఫీసు ఉన్నది. అణు ఖనిజాల డైరెక్టరేట్, ఏఎండీ అంటరు. అది ఆకాశంల వెతకదు, మన కాళ్ల కింద వెతుకుతది. 2019 మే నెలల కేంద్రం అటవీ సలహా కమిటీ, అమ్రాబాద్ పులుల అడవి దిక్కు 83 చదరపు కిలోమీటర్లల యురేనియం సర్వేకు సూత్రప్రాయంగ సరే అన్నది. కమిటీ కూసున్నది ఢిల్లీల. చెంచులు బతికేది పెంటలల్ల. ఆ మీటింగు కాయితం బయటికొచ్చింది కాబట్టే నాగర్‌కర్నూల్ జిల్లా కదిలింది. చెంచులు, విద్యార్థులు, ఊర్ల రైతులు ఎదురు నిలవడ్డరు. సెప్టెంబర్‌ల అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం జేసింది. ఆ రోజు జనం చేతుల పుకారు లేదు, కాయితం ఉన్నది. గందుకే బలం వచ్చింది.

ఇప్పుడు ఆ బలానికే కోత పడ్డది. 2025 సెప్టెంబర్ 8 నాడు కేంద్ర పర్యావరణ శాఖ ఒక మెమో తీసింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర లేదని అండ్ల ఉన్నది. అంటే కలెక్టర్ ముందట మైకు పట్టుకొని "మా బోరు నీళ్ల సంగతేంది?" అని అడిగే ఆ ఒక్క దినం గూడ పోయింది. దేశ రక్షణ అని కారణం జెప్తున్నరు. ఇది అమ్రాబాద్ లొల్లి, మనకేంది అనుకోకుండ్రి. రేపు గద్వాల, వనపర్తి గుట్టలల్ల ఆ జాబితాల ఖనిజం దొరికి గని తవ్వుతమన్నా ఇదే రూలు.

కొన్ని రహస్యాలు ఉండాలె, నేను కాదనను. సరిహద్దుల సైన్యం యాడున్నదో జెప్పమని ఎవలడుగుతరు? గాని మా ఊరి భూమిల ఎన్ని బోర్లు దింపిండ్రు, వాటిని మూసిండ్రా లేదా, తాగే నీళ్లల్ల యురేనియం ఎంతున్నది, ఇవి సైన్యం రహస్యాలెట్లయితయి? 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 8ల దేశ భద్రత పేరు మీద సమాచారం ఆపొచ్చని ఉన్నది. అదే సెక్షన్ రెండో భాగంల ఇంకో మాట గూడ ఉన్నది: దాచుడు కన్న జెప్పుట్ల జనానికి మేలు ఎక్కువుంటే ఇయ్యొచ్చని. ఆ మాట ఆఫీసర్లు మనకు గుర్తు జెయ్యరు, మనమే జెయ్యాలె.

వీడియో పంపెటందుకు పట్టే టైముల దరఖాస్తు రాయొచ్చు. ఫీజు 10 రూపాయలు, తెల్ల కార్డు అంటే బీపీఎల్ వాళ్లకు అది గూడ లేదు. 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె. ఇయ్యకుంటే అప్పీలుకు పోవచ్చు. మా మండలంల ఏ సర్వే నంబర్లల్ల సర్వే అయింది? ఎన్ని బోర్లు ఏసిండ్రు? నీళ్ల పరీక్ష రిపోర్టులు యాడున్నయి? ఈ మూడు అడుగుండ్రి. జవాబు వస్తే ఊరంత చదివి వినిపియ్యుండ్రి. "ఇయ్యం" అని రాసిస్తే ఆ కాయితం గూడ గ్రామసభల సదువుండ్రి. ఎవలు ఏం దాస్తున్నరో సంతకంతోని సహా అండ్లనే ఉంటది.