బిడ్డ నెరిగి కళాశాల నెన్నుకొనుడు

ప్రతి వేసవియందును పదవతరగతి ఫలితములు వెలువడగనే మన పట్టణములలోని గోడలన్నియు ర్యాంకుల ప్రకటనలతో నిండిపోవును. ఆ గోడలను జూచి కళాశాల నెన్నుకొను తండ్రులు వేలకొలది గలరు. తమ యింటనున్న బిడ్డను జూచి యెన్నుకొనువారు మాత్రము వ్రేళ్లపై లెక్కింపదగియున్నారు. ఏ చదువు గొప్పదియని విచారింతుమే కాని, యీ బిడ్డకు ఏ చదువు తగునని విచారించుట మనకు అలవాటు కాలేదు.

రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు చేతియందలి నేర్పును ప్రభుత్వ కళాశాలాధ్యక్షుడైన కూల్డ్రే దొర కనిపెట్టెను. ఆయన ప్రోత్సాహముతో రామారావు 1916లో బొంబాయి జె. జె. చిత్రకళాశాలను జేరెను. మరలివచ్చి 1923లో స్వస్థలముననే చిత్రకళాశాలను నెలకొల్పి, 1925లో ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే కీర్తిశేషుడయ్యెను. ఆ ప్రతిభ గురువిచ్చినది కాదు. కాని తగిన శాలను జూపువాడు లేకున్న ఆ కుంచె యేమయ్యెడిదో!

నేడు దారులు నాటికంటె పెక్కు గలవు. యంత్రములపై మనసుగలవానికి పాలిసెట్టు ద్వారా మూడేండ్ల పాలిటెక్నిక్కు కలదు. దాని ముగించి ఈసెట్టున నెగ్గినచో ఇంజనీరింగు రెండవ సంవత్సరముననే ప్రవేశింపవచ్చును. చేతిపనియందు నేర్పుగలవాడు ఐ. టి. ఐ.లో రెండేండ్లలో ఎలక్ట్రీషియనుగనో, ఫిట్టరుగనో తయారగును. సేద్యమునం దభిరుచిగలవానికి వ్యవసాయ పాలిటెక్నిక్కులున్నవి. న్యాయవాది కాగోరువాడు ఏ గ్రూపుతో ఇంటరు ముగించినను, లాసెట్టు వ్రాసి అయిదేండ్ల న్యాయవిద్య నభ్యసింపవచ్చును. ఇన్ని ద్వారములు తెరచియుండగా అందరిని ఒక్క ద్వారముననే త్రోయుట వివేకమా?

గణితము చదివినచో పెక్కువైపులకు మరలవచ్చును గదా యని కొందరందురు. నిజమే. అభిరుచి యింకను తేలని బిడ్డకు ఆ మార్గము మంచిదే. తేలిన బిడ్డకు మాత్రము అది శిక్ష.

గడచిన యేట మాయొద్ద కొక తండ్రి వచ్చెను. అతని కుమారుడు ఊరిలోని మోటారుపంపుల నన్నిటిని బాగుచేయగలవాడు. వానిని వసతిగృహముగల యొక కళాశాలలో ఎం. పి. సి.లో జేర్చి, యేడాది రుసుమంతయు ముందే చెల్లించెను. మూడు నెలలకే బాలుడు ఇల్లు చేరెను. రుసుమును, మూలపత్రములను తిరిగి యిప్పింపుమని తండ్రి కోరిక. పత్రములు తెప్పింపగలిగితిమి; రుసుములో సగము పోయినది. ఆ మూడు నెలలును బాలుడు తాను దేనికిని పనికిరానివాడనని నమ్మియుండెను. ఆ నష్టమునకు ఏ న్యాయస్థానమున దావా వేయుదుము?

కావున రుసుము చెల్లింపకమునుపే కళాశాలను స్వయముగ చూడుడు. ప్రయోగశాల తాళము త్రుప్పుపట్టియున్నదా? గ్రంథాలయములోని పుస్తకములు విద్యార్థుల చేతికి వచ్చుచున్నవా? ఆ సంవత్సరమునకు బోర్డు గుర్తింపు కలదా? ఈ సంగతులను క్రిందటేటి విద్యార్థుల నడుగుడు; ప్రకటనల నడుగకుడు. ఇంటికి దగ్గరయను నొక్క కారణముననే ఆడుబిడ్డల చదువును నిర్ణయింపకుడు. వారి మనసును గూడ విచారింపుడు.

పఠనమందిరములలో నిత్యము పత్రికలు చదువు పెద్దలకొక మనవి. ఫలితములు వెలువడిన వారములో నొక్క సాయంకాలము పత్రికను ప్రక్కనుంచి, మీ పేటలోని బాలబాలికలను, వారి తల్లిదండ్రులను పిలిచి కూర్చుండబెట్టుకొనుడు. దారుల నెరుగని యింటివారికి వానిని తెలుపుడు. తరువాత మొదటి ప్రశ్న తండ్రిని గాక బిడ్డనే యడుగుడు.