చుక్క పెట్టి చేతులు దులుపుకుంటే ఖబరస్తాన్ మిగలదు

మన ఇళ్లలో ఈమధ్య ఒక కొత్త సుకూన్ కనబడుతోంది. 2025 జూన్ 6న తెరిచిన ఉమీద్ పోర్టల్‌లో మసీదు, దర్గా, ఖబరస్తాన్ వివరాలు ఎక్కించేశాం, జియోట్యాగ్ కూడా పెట్టేశాం, ఇక ఫికర్ లేదంటున్నారు కమిటీల పెద్దలు. ఆరు నెలల గడువులో పాత కాగితాలు వెతికి, స్కాన్ చేయించి, ఎక్కించినవాళ్ల మెహనత్‌ను నేనేమీ తక్కువ చేయను. కానీ ఆ పోర్టల్ అడిగింది జాయిదాద్ గురించి, తారీఖ్ గురించి కాదు. విస్తీర్ణమెంత, ఆదాయమెంత, ముతవల్లీ ఎవరు, తగాదా ఉందా, అంతే. గుమ్మటం ఎవరు కట్టించారు, కత్బా మీద ఏముంది, ముహర్రంలో ఏ అలం ఏ తారీఖున లేస్తుంది, ఉర్సుకి సందల్ ఏ గల్లీ గుండా వస్తుంది అనే సవాళ్లకు ఆస్తి రిజిస్టరు జవాబు చెప్పదు. చెప్పాల్సిన పని కూడా దానిది కాదు. అది మన పని.

ఆ పని చేస్తున్నామనుకుంటున్న మన నౌజవాన్లతోనే నాకు పేచీ. ఫోన్‌లో పటం తెరిచి, ఖబరస్తాన్ గేటు దగ్గర నిలబడి, ఒక చుక్క పెట్టి, ఫోటో తగిలించి వచ్చేస్తున్నారు. షుక్రియా. కానీ చుక్కకు హద్దులుండవు. రెండెకరాల ఖబరస్తాన్‌లో ఒకటిన్నర ఎకరం ఎవరో కలిపేసుకున్నా ఆ చుక్క అక్కడే ఉంటుంది, పచ్చగా, ఏమీ జరగనట్టు! ఖబరస్తాన్‌కు కావాల్సింది గీత. చుట్టూ నడిచి, మూల మూలకూ ఆగి, మూసేసిన గీత. ఏ తేదీన నడిచారో దాని పక్కన రాసి ఉండాలి. పదేళ్ల తర్వాత మళ్లీ నడిస్తే రెండు గీతల మధ్య తేడాయే గవాహీ.

మన బుజుర్గులకు ఈ సంగతి బాగా తెలుసు. పాత వక్ఫ్ దస్తావేజులు, మున్తఖబ్‌లు చూడండి. హుదూద్-ఎ-అర్బా లేని కాగితం ఉండదు. తెలుగులో మనం చెక్కుబంది అంటాం. తూర్పున వాగు, పడమర ఫలానా సాహెబ్ మకాన్, ఉత్తరాన చింతచెట్టు. ఇప్పుడు చెట్టు లేదు, మకాన్ అపార్ట్‌మెంట్ అయింది. అందుకని చెక్కుబందిని పారేయొద్దు. పాత మాట పాత మాటగానే ఒక గడిలో ఉండాలి, కొత్త గీత ఇంకో గడిలో ఉండాలి. రెంటినీ కలిపి ఒకే వాక్యంగా ‘సరిచేసి’ రాసేవాడు మేలు చేస్తున్నాననుకుంటూ సబూత్‌ను చెరిపేస్తున్నాడు.

ప్రమాణం అంటే ఇంతే. ఏ గడిలో ఏం రాయాలో అందరం ముందే ఒప్పుకోవడం, ఆ మాట మీద నిలబడడం. అక్షాంశ రేఖాంశాలే తీసుకోండి. దశాంశ బిందువు తర్వాత మూడు అంకెలు రాస్తే వంద మీటర్ల తేడా రావచ్చు, ఐదు రాస్తే మీటరు దాకా దిగుతుంది. మన బస్తీల్లో వంద మీటర్లంటే వేరే మొహల్లా, వేరే మసీదు. సర్వే ఆఫ్ ఇండియా పాత నక్షాలదీ నేటి జీపీఎస్‌దీ భూమి కొలత లెక్క ఒకటి కాదు. పాత నక్షాలో చూసిన అంకెల్ని మార్చకుండా ఫోన్ పటంలో వేస్తే మన దగ్గర వంద మీటర్లకు మించి పక్కకు జరుగుతాయి. కాబట్టి అంకెలతో పాటు అవి ఎక్కడి నుంచి తీసుకున్నవో రాయకపోతే ఆ అంకెలు బేకార్.

తారీఖుల సంగతి మరీ అధ్వానం. ఒక పట్టికలో ‘1322’ అని ఉంది, అంతే. హిజ్రీ అయితే అది 1904-05. నిజాం సర్కారు ఫసలీ అయితే 1912-13. ఎనిమిదేళ్ల తేడా! కంప్యూటర్‌కు ఇవేవీ తెలియవు. కొన్ని చోట్ల దాన్ని క్రీస్తుశకం 1322 అని కూడా ఎక్కించేస్తారు, అప్పుడు అది కుతుబ్‌షాహీలకంటే ముందుకు పోతుంది. కేలండర్ ఏదో చెప్పే గడి ఒకటి పెడితే చాలు, ఈ తమాషా ఆగుతుంది. నమ్మకం తక్కువైన తేదీని ‘ఉజ్జాయింపు’ అని గుర్తుపెట్టే పద్ధతికి 2019లోనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. వారసత్వ సమాచారానికి ఐఎస్‌ఓ 21127 ఉంది. దాని మీద కట్టిన ఆర్చెస్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ముఫ్త్‌గా వాడుకోవచ్చు. మనం ఎక్సెల్ షీట్‌లో ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు నింపుకుంటూ కూర్చోనవసరం లేదు.

ఇక పేర్లు. ఆషూర్ఖానా, అషుర్‌ఖానా, పీర్ల చావిడి, పీర్ల కొట్టం, పీర్ల మకాం. ఒకే గదికి ఇన్ని పేర్లు. ఒకదాన్ని ‘సరైనది’ అని తేల్చి మిగతావి కొట్టేయాలనే శుద్ధివాదులు మనలో ఉన్నారు. అన్నీ ఉండాలి. ఉర్దూ లిపిలో ఒకటి, తెలుగులో ఊరివాళ్లు పిలిచేది ఒకటి, పాత రికార్డులోది ఒకటి. ఇందూరు అనకుండా నిజామాబాద్ పాత కాగితం దొరకదు, ఇంతియాజ్‌గఢ్ అని తెలియనివాడికి ఆదోని నాణెం అర్థం కాదు.

మతం గడి ఇంకా చిక్కు. అనంతపురం వైపు గూగూడులో కుళ్లాయిస్వామి పీర్లను మొక్కేవాళ్లలో హిందువులే ఎక్కువ. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెలు మార్చుకునేవాళ్లను లైన్లో నిలబెట్టి మతం అడుగుతామా? ఒకే జవాబు పట్టే గడి పెట్టామంటే ఆ ఊరి సగం తారీఖ్‌ను మనమే కొట్టేసినట్టు. ‘ఎవరిది’ అనే దానికంటే ‘ఎవరెవరు వస్తారు’ అనే గడి నాకు ఎక్కువ ఇష్టం.

ఇక్కడ ఒక ఏతరాజ్ వస్తుంది. పీర్లు, అలంలు షిర్క్ కదా, వాటిని మన రికార్డులో ఎందుకు ఎక్కించాలని. జనాబ్, రికార్డు ఫత్వా కాదు. మీరు అక్కడికి వెళ్లకండి, మొక్కకండి, నేనేమీ అనను. కానీ ఆ గది మీద, దాని పక్క నాలుగు గుంటల మీద హక్కు అడిగే రోజున మీ మస్లక్ ఏమిటని రెవెన్యూ వాళ్లు అడగరు. కాగితం అడుగుతారు.

రెండో ఏతరాజ్‌కు బరువుంది. అంతా బయటపెడితే గుప్తనిధుల కోసం మజార్లు తవ్వేవాళ్లకు దారి చూపినట్టు కాదా? నిజమే. అందుకే కచ్చితమైన అంకెలు కమిటీ దగ్గరుంచి, అందరికీ కనబడే పటంలో ఊరి పేరు దాకా ఆపే ఏర్పాటు ఉండాలి. అది ఎవరు తెరవగలరు, ఎవరు మార్చగలరు అనేది కూడా రాసిపెట్టుకోవాలి. దాచడానికి కాయిదా ఉంటే అది హిఫాజత్. కాయిదా లేకుండా దాచడం, ముఖ్యంగా ముతవల్లీ ఒక్కడి అల్మారాలో దాచడం, ఎవరికి ఫాయిదానో మీకూ తెలుసు.

షబే బరాత్ రాత్రి ఎలాగూ ఖబరస్తాన్‌కు వెళ్తాం. అంతకుముందు ఒక ఇత్వార్ పగటిపూట వెళ్లండి. ఇంట్లో పెద్ద వయసు చాచా ఎవరైనా ఉంటే తీసుకెళ్లండి, పాత హద్దు ఎక్కడ ఉండేదో చెప్పించండి, ఆయన మాటను ఆయన మాటగానే తేదీతో రాయండి. ఒకరు ఫోన్ పట్టుకుని గోడ వెంబడి నడవండి. గోడ లేనిచోట ఆగి ‘గోడ లేదు’ అని రాయండి.