పూచీ పడేవారున్నారు, వెంట నడిచేవారేరీ?

మన బస్తీలో ఒక కుర్రవాడు గంజాయి పొట్లంతో పట్టుబడితే జరిగే తతంగం అందరికీ తెలిసిందే. తల్లి ఏడుస్తూ మస్జిదు కమిటీ సదర్ సాహెబ్ ఇంటికి వస్తుంది. నలుగురు పెద్దలు స్టేషనుకు వెళతారు. వకీలు ఫీజుకు చందా కూడా పోగవుతుంది. కుర్రవాడు బయటికొస్తాడు, నెల తిరక్కుండానే మళ్లీ అదే గోడ పక్కన కనిపిస్తాడు. ఇక వాడు బాగుపడడని తేల్చేదీ మనమే.

దీన్ని మనం సహాయం అనుకుంటున్నాం. మా దృష్టిలో ఇది ఉత్త సిఫారసు.

ఈ విషయంలో చట్టమే మనకంటే ముందుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64-ఎ అనే సెక్షను ఉంది. మత్తుకు బానిసైన వ్యక్తి, వాడినందుకో కొద్ది పరిమాణంలో దొరికినందుకో కేసులో ఇరుక్కున్నప్పుడు, తనంతట తాను ప్రభుత్వ ఆస్పత్రిలోగానీ గుర్తింపు పొందిన ఆస్పత్రిలోగానీ చేరి చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు పొందవచ్చు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. పెద్ద ఎత్తున వ్యాపారం చేసేవాడికి ఈ తలుపు తెరుచుకోదు, తెరుచుకోకూడదు కూడా.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకైతే 2015 నాటి బాలల న్యాయ చట్టం ఉంది. వారిని లాకప్పులో ఉంచకూడదు. 2016 నియమాల ప్రకారం, నేరం ఘోరమైనది కాకపోతే, పెద్దలతో కలిసి చేసినది కాకపోతే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయకుండా, కుటుంబ పరిస్థితుల నివేదికతో జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపాలి. బోర్డు కౌన్సెలింగుకో సమాజ సేవకో ఆదేశించవచ్చు. అయితే వయసు రుజువు కావాలి. బడి మాన్పించి మెకానిక్ షెడ్డులో చేర్చిన పిల్లవాడి బడి సర్టిఫికెట్టు, జనన ధ్రువపత్రం ఎన్ని ఇళ్లలో భద్రంగా ఉన్నాయి? (మన మద్రసాలూ ఈ కాగితాల సంగతి పట్టించుకోలేదని, వాటిలోనే చదివి వాటిలోనే చెబుతున్న మేము ఒప్పుకోక తప్పదు.)

ఇదంతా విన్న ఒక కమిటీ పెద్ద, "నషాఖోరును మస్జిదు గడప ఎక్కనిస్తామా, హజ్రత్?" అన్నారు. ఆయన భయం అర్థం కానిది కాదు. ఆయన ఇంట్లోనూ మగపిల్లలున్నారు. కాని మద్యం తాగి శిక్ష అనుభవించిన ఒక వ్యక్తిని ఎవరో శపిస్తే, సోదరునికి విరుద్ధంగా షైతానుకు తోడ్పడవద్దని దైవప్రవక్త (స) వారించినట్టు బుఖారీలో ఉంది. శిక్ష పడినవాడూ సోదరుడే అయ్యాడు.

ఫిఖా గ్రంథాల్లో 'కఫాలత్' అని ఒక అధ్యాయం ఉంటుంది. మనిషికి పూచీ పడటం అందులో వస్తుంది. అనాథను సాకడాన్నీ అదే మాటతో చెబుతారు. మనం మొదటి అర్థం దగ్గరే ఆగిపోయాం.

చికిత్స ఒక్కరోజులో తేలేది కాదు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకో, విశాఖ ఆస్పత్రికో పదేపదే వెళ్లాలి. ఎక్కడికి పోవాలో తెలియనివారు 14446కు ఉచితంగా ఫోను చేయవచ్చు. కాని కూలిపనికి పోయే తల్లి ఎన్నిసార్లు పని మానుకుంటుంది? ప్రతి మస్జిదు పరిధిలో వెంట వెళ్లే ఇద్దరు యువకులు కావాలి. పేద కుటుంబమైతే దారిఖర్చు బైతుల్‌మాల్ నుంచి ఇవ్వాలి. తిరిగొచ్చిన కుర్రవాణ్ణి పనిలో పెట్టుకునే యజమాని ఒకరు కావాలి. షెడ్డుల యజమానులు మొదటి వరుసలోనే నమాజుకు నిలబడుతున్నారు. ఈ జుమా తర్వాత వారిలో ఒక్కరినైనా అడిగి చూద్దాం.