జంట డిస్కుల్ని విడదీశారా?

ఫొటో స్టూడియోలు, అకౌంట్లు చూసే ఆఫీసుల్లోని కొన్ని కంప్యూటర్లలో రెండు హార్డ్‌డిస్కులు జంటగా పనిచేస్తుంటాయి. ఒకదాంట్లో ఏది రాస్తే రెండోదాంట్లోనూ అదే నమోదవుతుంది. దీన్నే మిర్రరింగ్ అంటారు. సాంకేతిక భాషలో రెయిడ్-1. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ప్రచురించిన పత్రంతో ఈ 'రెయిడ్' పేరు ప్రచారంలోకొచ్చింది. ఒక డిస్కు పాడైనా పని ఆగకూడదన్నదే మిర్రరింగ్ ఉద్దేశం.

కొన్నాళ్లకు స్థలం చాలడం లేదనో, వేరే డిస్కు పెట్టుకుందామనో ఈ జంటని విడదీస్తారు. కష్టాలు అక్కడే మొదలవుతాయి. కొన్ని కంప్యూటర్లలో విండోస్ అసలు తెరుచుకోదు. ఇంకొన్ని రెండ్రోజులు బాగానే నడిచి, పని మధ్యలో నీలం తెర (విండోస్ 11 కొత్త వెర్షన్లలో నల్లతెర) చూపించి ఆగిపోతాయి. చూడ్డానికి రెండూ ఒకటే రోగంలా ఉన్నా కారణాలు వేరు.

విండోస్ మొదలే కాకపోతే...

తెరమీద 'ఇనాక్సెసబుల్ బూట్ డివైస్' అని వస్తే డిస్కు పోయిందని కంగారు పడక్కర్లేదు. రెయిడ్ తీసేశాం కదా అని బయోస్‌లో 'రెయిడ్' మోడ్‌ని 'ఏహెచ్‌సీఐ'గా మార్చి ఉంటారు. విండోస్ మాత్రం పాత డ్రైవర్‌తోనే డిస్కుని వెతుకుతుంటుంది. బయోస్‌లో మళ్లీ రెయిడ్ మోడ్ పెట్టి చూడండి. చాలా మదర్‌బోర్డుల్లో ఒంటరి డిస్కు కూడా ఆ మోడ్‌లో చక్కగా పనిచేస్తుంది.

ఏహెచ్‌సీఐ కావాల్సిందే అనుకుంటే దానికో వరస ఉంది. రెయిడ్ మోడ్‌లోనే విండోస్ తెరిచి, 'ఎంఎస్‌కాన్ఫిగ్' బూట్ ట్యాబ్‌లో 'సేఫ్ బూట్' టిక్ చేయాలి. రీస్టార్ట్ చేసి, బయోస్‌లో మోడ్ మార్చాలి. విండోస్ సేఫ్‌మోడ్‌లో తెరుచుకుంటుంది. అప్పుడా టిక్ తీసేసి మరోసారి రీస్టార్ట్ చేస్తే సరి. సేఫ్‌మోడ్‌లో పిన్ బదులు పాస్‌వర్డ్ అడగొచ్చు, గుర్తుంచుకోండి. బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీని ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

కవలలతో తికమక

విడదీశాక కూడా రెండు డిస్కుల్లోనూ ఉండేది ఒకటే విండోస్, ఒకటే గుర్తింపు సంఖ్య. రెండింటినీ కంప్యూటర్‌లోనే ఉంచితే ఒకదాన్ని విండోస్ ఆఫ్‌లైన్‌లో పెట్టేయొచ్చు. బూట్ వరస మారి ఈ రోజు ఒక డిస్కు నుంచీ, రేపు రెండోదాన్నుంచీ మొదలు కావొచ్చు కూడా. నిన్న సేవ్ చేసిన ఫైలు ఇవాళ కనిపించలేదంటే అనుమానించాల్సింది దీన్నే! ఒకదాని కేబుల్ తీసేసి ఒక్కో డిస్కునీ విడిగా పరీక్షించడమే మార్గం.

నడుస్తూ ఆగిపోతుంటే...

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. జంటగా ఉన్నప్పుడు ఒక డిస్కులో ఏదైనా భాగం చదవలేకపోతే, కంట్రోలర్ గుట్టుగా రెండోదాన్నుంచి తెచ్చి ఇచ్చేది. అలా దాగిన లోపం డిస్కు ఒంటరి కాగానే బయటపడుతుంది. అంటే క్రాష్‌లకు కారణం విడదీయడం కాకపోవచ్చు. లోపం ముందునుంచే ఉండి ఉండొచ్చు.

ఈవెంట్ వ్యూయర్‌లో 'సిస్టమ్' లాగ్ తెరవండి. 'డిస్క్' పేరుతో 7వ నంబరు ఎర్రర్ ఉంటే బ్యాడ్ బ్లాక్ అని అర్థం. 129 కనిపిస్తే డిస్కు జవాబివ్వక విండోస్ దాన్ని రీసెట్ చేసిందన్నమాట. కేబుల్, పవర్, డ్రైవర్‌లను చూసుకోవాలి. 'క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో' లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 'పెండింగ్ సెక్టర్స్' అంకె పెరుగుతుంటే డిస్కు మార్చాల్సిందే. 'సీఆర్‌సీ ఎర్రర్లు' మాత్రమే పెరుగుతుంటే 'సాటా' కేబుల్ మార్చి చూడండి. డిస్కు బాగానే ఉందని తేలితే, క్యాబినెట్ విప్పినప్పుడు ర్యామ్ కదిలిందేమో సరిచూసి, విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడపండి.

ఒక హెచ్చరిక. అనుమానం ఉన్న డిస్కు మీద ముందే 'చెక్‌డిస్క్' నడపొద్దు. కొనఊపిరితో ఉన్న డిస్కుని అది మరింత శ్రమ పెడుతుంది. ముందు ఫైళ్లను మరోచోటికి కాపీ చేయండి, మరమ్మతు తర్వాత.

ఇంకా విడదీయని వాళ్లకు

జంట 'నార్మల్' అని చూపిస్తోందో లేదో మొదట చూసుకోండి. 'డీగ్రేడెడ్' అని ఉంటే రెండింట్లో ఒకటి ఎప్పుడో పనిలోంచి తప్పుకుందని అర్థం. పొరపాటున దాన్నే ఉంచుకుంటే కొన్ని నెలల ఫైళ్లు మాయం! విడదీశాక రెండో డిస్కుని వెంటనే ఫార్మాట్ చేయకుండా ఓ రెండు వారాలు పక్కన పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, మిర్రరింగ్ బ్యాకప్ కాదు. పొరపాటున డిలీట్ చేసినా, వైరస్ సోకినా అద్దంలో ప్రతిబింబంలా రెండు డిస్కుల్లోనూ అదే జరుగుతుంది. ఒకరి పెళ్లి ఫొటోలు పోతే మళ్లీ పెళ్లి చేయించలేం కదా! వెయ్యి రూపాయల పనైనా, లక్ష రూపాయల పనైనా మూడో కాపీ ఒకటి కంప్యూటర్ బయట ఉండాల్సిందే. అది సిద్ధమయ్యాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.