పరిశోధన వెనక మనుషులెవరు?

స్త్రీల లైంగిక ఆరోగ్యం మీద ఏదైనా పరిశోధన వెలువడినప్పుడు మనకొక అలవాటుంది. ఏ పత్రికలో వచ్చిందని అడుగుతాం, శాతమెంతని అడుగుతాం, బిరుదు ఎవరికి దక్కిందని అడుగుతాం. ఆ శాతం ఎవరి ఒంటిలోంచి వచ్చిందో మాత్రం అడగం. ఇలా అడగకపోవడం అమాయకత్వం కాదు, అన్యాయమని నా వాదన. మెత్తగా చెప్పే ఓపిక లేదు గనుక సూటిగానే చెబుతాను.

ముందుగా గడ్చిరోలి సంగతి. మహారాష్ట్రలో ఉన్నా, ప్రాణహిత ఆవలి ఒడ్డున సిరొంచ వైపు తెలుగు మాట్లాడే ఊళ్ళున్న జిల్లా అది. మనకు మరీ పరాయిది కాదు. రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతుల బృందం అక్కడి రెండు గ్రామాలలో 650 మంది స్త్రీలను పరీక్షించి, 1989 జనవరిలో ‘లాన్సెట్’ పత్రికలో ఫలితాలను ప్రకటించింది. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీరోగమో, లైంగిక వ్యాధో ఉన్నట్టు తేలింది. సగటున ఒక్కొక్కరికి మూడున్నరకు పైగా వ్యాధులు. అంతకు మునుపు ఎన్నడైనా అటువంటి పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఎనిమిది మందే. అప్పటిదాకా మన ప్రభుత్వాల దృష్టిలో స్త్రీల ఆరోగ్యమంటే కాన్పు, కుటుంబ నియంత్రణ. కడుపుతో లేని స్త్రీకీ, కనడం ముగించిన స్త్రీకీ కూడా ఒక ఒళ్ళున్నదని, అది నొప్పి పడుతున్నదని ఆ లెక్కలు బల్లగుద్ది చెప్పాయి.

ఈ కథను మనం ఇద్దరు మహనీయుల కథగా చెప్పుకుంటాం. 2018లో ఆ ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, తగినవారికే వచ్చింది. అయితే ఆ వ్యాసకర్తలు ఆరుగురు. మిగిలిన నలుగురి పేర్లు చెప్పగలవారు మనలో ఎందరు? ఆ నలుగురినీ దాటి చూస్తే 650 మంది నిలబడి ఉన్నారు. అత్తకు, తోడికోడలికి, కట్టుకున్నవాడికి సైతం చెప్పుకోలేని తెల్లబట్ట గురించి, కలయికలోని బాధ గురించి నోరు విప్పినవారు వారు. రోగం బయటపెడితే నడత మీదికి నింద వచ్చే చోట పరీక్ష బల్ల ఎక్కినవారు వారు. ఆ ధైర్యం లేకపోతే ఏ వైద్యుడి చదువూ ఆ 92ను కనిపెట్టగలిగేది కాదు. శాస్త్రం వారిని ‘నమూనా’ అంటుంది. నేను వారిని ఆ పరిశోధక బృందంలో మొదటి సభ్యులంటాను.

“అంత మాటెందుకు? వారికి ఏం తెలుసు, ఏం అర్థమవుతుంది?” అనే పెద్దలున్నారు. వారికి పటాన్‌చెరు గుర్తు చేస్తాను. 1985లో, హైదరాబాదు పొరుగున ఉన్న ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిని స్త్రీలపై పరీక్షించే కార్యక్రమం జరిగింది. ఇది ఇంకా పరీక్షలో ఉన్న మందు అన్న సంగతి అక్కడికి వచ్చిన స్త్రీలకు సరిగా చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన సభ్యులు వెళ్ళి, అది ఏమిటో, దానివల్ల ఏయే ఇబ్బందులు రావచ్చునో వివరించారు. విన్నవారిలో చాలామంది సూది వద్దని వెనుదిరిగారు. 1986లో ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. చదువురానివారికి అర్థం కాదన్న మాట అక్కడే అబద్ధమయింది. అర్థం కాక కాదు, అర్థమైతే కాదంటారేమోనన్న భయంతోనే చెప్పలేదని అనుకోవలసి వస్తుంది.

ఇరవై నాలుగేళ్ళు గడిచినా మనం నేర్చుకున్నది తక్కువ. 2009 జులైలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో సుమారు 14,000 మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది. నడిపినది పాత్ అనే అంతర్జాతీయ సంస్థ. ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం తోడు నిలిచాయి. తల్లిదండ్రులకు దూరంగా ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉన్న గిరిజన బాలికలెందరో వారిలో ఉన్నారు. తర్వాత విచారణలో 9,543 అంగీకార పత్రాలను చూస్తే, 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. కన్నవారుండగా కూతురి ఒంటి మీద హక్కు వార్డెనుకు ఎవరిచ్చారు? 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు నిలిచిపోయింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నేను టీకాకు వ్యతిరేకిని కాను. ప్రాజెక్టు కాలంలో సంభవించిన బాలికల మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. గర్భాశయ ముఖద్వార కాన్సరును నివారించే ఆ టీకా ఎన్నో దేశాలలో మేలు చేసింది. మన దేశంలోనే తయారైన టీకాకు 2022లో అనుమతి కూడా వచ్చింది. నా కోపమంతా అందుకే. మంచి మందును దొంగచాటు మర్యాదతో ఇస్తే మందు మీదే అనుమానం పుడుతుంది. ఆ అనుమానం పల్లెల్లో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. దాని మూల్యం చెల్లించేది సంతకం తీసుకున్నవారు కాదు, ఆ పిల్లలే.

“ఇన్ని ప్రశ్నలడిగితే పరిశోధన సాగదు” అన్నది రెండో అభ్యంతరం. గడ్చిరోలే దీనికి జవాబు. ఊరితో మాట్లాడి, ఆడవారే ఆడవారిని అడిగి, పరీక్షించినవారికి చికిత్స చూసి చేసిన పని ఆగిపోలేదు సరికదా, ప్రపంచమంతా ఆ అంకెలు వింది. అడ్డదారి తొక్కిన ప్రాజెక్టే మధ్యలో ఆగింది.

తెలుగులో ఈ మర్యాద ఎలా ఉంటుందో చూపినవారు లేకపోలేదు. 1991లో వెలువడిన ‘సవాలక్ష సందేహాలు’ స్త్రీల శరీరం గురించి స్త్రీలతోనే, వారి భాషలోనే మాట్లాడింది. పేరులోనే దాని వినయం ఉంది: సందేహం స్త్రీది, దానికి జవాబు పొందే హక్కూ ఆమెదే.

కనుక నేను కోరేవి గొంతెమ్మ కోరికలు కావు. అంగీకార పత్రం ఆమె మాట్లాడే తెలుగులో, కోయలో, గోండిలో ఉండాలి. చదవలేకపోతే ఎవరైనా చదివి వినిపించాలి. కాదనే వీలు నిజంగా ఉండాలి. రోగం కనిపెట్టినవారే చికిత్సకు పూచీ పడాలి. ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగిన ఆరోగ్య కార్యకర్త పేరు వ్యాసంలో అచ్చుకావాలి. ఫలితాలు విదేశీ పత్రికకు వెళ్ళినట్టే ఆ ఊరి రచ్చబండకూ తిరిగి రావాలి.

ఇకమీదట ఎవరైనా ‘ఇంత శాతం’ అని గొప్పగా చెబితే, ఆ స్త్రీలకు ఆ సంగతి చెప్పారా అని అడగండి. జవాబు తడబడితే, ఆ పరిశోధన ఇంకా పూర్తి కాలేదని వారి ముఖం మీదే చెప్పండి.