చెరువు గట్టుకు కావలసిన చదువు

ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం చుట్టుపక్కల ఇంజినీరింగ్ చదువుల్లో ఒక మాట సిద్ధాంతంలా స్థిరపడిపోయింది. "ఇంకా ఆ 8085 మైక్రోప్రాసెసర్ పాఠం ఎందుకండీ? అసెంబ్లీ ఇప్పుడెవరు రాస్తున్నారు? కంపైలర్ డిజైన్ సబ్జెక్టు గట్టెక్కితే చాలు. ఫుల్ స్టాక్ నేర్చుకుంటే ప్లేస్‌మెంట్ వస్తుంది. అయినా కోడు ఏఐయే రాసిపెడుతోందిగా!" విద్యార్థులే కాదు, పాఠం చెప్పేవాళ్లూ అప్పు చేసి ఫీజు కట్టే తల్లిదండ్రులూ ఇదే అంటున్నారు. పాత కంప్యూటర్ ఒకటి ముందేసుకుని దాని మెమరీలో ఏ బైటు ఎక్కడుందో వెతికే కుర్రాణ్ని పనీపాటా లేనివాడి కింద జమకడుతున్నారు. ఈ అభిప్రాయం తప్పు. అమెరికాలోనో బెంగళూరులోనో అయితే దీనివల్ల జరిగే నష్టం తక్కువేమో; ఈ డెల్టాలో మాత్రం ఎక్కువ.

ఎందుకో చెప్పడానికి చెరువు గట్టు దాకా వెళ్లాలి. కైకలూరు, మండవల్లి, ఆకివీడు, ఉండి వైపు చేపల చెరువులూ రొయ్యల చెరువులూ ఎన్ని ఉన్నాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. (కొల్లేరు లోపలికి చెరువులు చొచ్చుకుపోవడాన్ని నేను సమర్థించను. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రాంసార్ జాబితాకెక్కిన సరస్సు అది. ఇక్కడ నేను మాట్లాడుతున్నది దాని వెలుపల న్యాయంగా నడుస్తున్న సాగు గురించి.) నీటిలోని నాచు పగలు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది, చీకటి పడ్డాక అదే ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. అందుకే నీటిలో కరిగిన ఆక్సిజన్ లెక్క, రైతులు డీఓ అని పిలుచుకునేది, తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరగాల్సింది సరిగ్గా ఆ వేళకే. వాటిని తిప్పే మోటార్లకు ఇప్పుడు ఆటోస్టార్టర్లు, సెల్‌ఫోన్‌తో నడిచే స్టార్టర్లు, టైమర్లు, అక్కడక్కడా డీఓ సెన్సర్లు వచ్చాయి. వాటిలో చాలావాటి లోపల ఒక చిన్న చిప్పు ఉంటుంది.

ఆ కోవలో మన కుర్రాళ్లకు బాగా తెలిసినది ఆర్డ్యునో యూనో బోర్డులోని ఏటీమెగా328పీ. ఎనిమిది బిట్ల ప్రాసెసర్. 32 కిలోబైట్ల ఫ్లాష్, 2 కిలోబైట్ల ర్యామ్. 1980ల నాటి ఇంటి కంప్యూటర్లలో చాలావాటికి ఇంతకంటే ఎక్కువ ర్యామ్ ఉండేది. దాని మీద సీ భాషలో ఇంట్ అని రాస్తే దొరికేది 16 బిట్లే. అందులో పట్టే అతి పెద్ద అంకె 32,767. ఏరేటరు ఎంతసేపటి నుంచి తిరుగుతోందో ఆ ఇంట్‌లో సెకన్లుగా లెక్కపెట్టారనుకుందాం. 32,767 సెకన్లంటే 9 గంటల 6 నిమిషాలు. సాయంత్రం 7కు మొదలైన లెక్క తెల్లవారుజామున 4 దాటిన కాసేపటికి తిరగబడి రుణసంఖ్య అయిపోతుంది. చెరువులో ఆక్సిజన్ అట్టడుగున ఉండేదీ ఆ వేళే. ల్యాప్‌టాప్ మీద పరీక్షిస్తే ఇది బయటపడదు, అక్కడ ఇంట్‌కు 32 బిట్లుంటాయి కాబట్టి.

రెండో గండం ఇంకా లోతుది. ఆర్డ్యునోలో మిల్లిస్ అనే లెక్క ఉంటుంది. కరెంటు ఇచ్చినప్పటి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో చెబుతుంది. 32 బిట్ల లెక్క గనక 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 దగ్గర మళ్లీ సున్నాకు వస్తుంది. అంటే 49 రోజుల 17 గంటలకు. వెనామీ రొయ్యల పంట వంద రోజులు దాటి సాగిందంటే, మధ్యలో కరెంటు పోకుండా బ్యాటరీ మీద నడిచే పెట్టెలో ఈ లెక్క ఒకే పంటలో రెండుసార్లు తిరగబడుతుంది. "గడియారం ఫలానా అంకె దాటాక మోటారు వెయ్యి" అని రాసిన ప్రోగ్రాం ఆ మలుపులో చిక్కుకుంటే మరో 49 రోజుల దాకా ఆ క్షణం కోసం ఎదురుచూస్తూ కూర్చోవచ్చు. "మొదలుపెట్టిన అంకెను ఇప్పటి అంకెలోంచి తీసివేసి చూడు" అని రాస్తే, గుర్తులేని సంఖ్యల తీసివేత మలుపు దగ్గర కూడా సరైన జవాబే ఇస్తుంది. రెండూ ఒక్కో వరుస కోడే. తేడా తెలియాలంటే బిట్లు ఎలా పొర్లుతాయో, క్యారీ ఎక్కడికి పోతుందో తెలియాలి. 8085 కిట్ మీద కూడికలు చేయించేది ఇందుకే.

విండోస్ 95, 98లలో సరిగ్గా ఇదే దోషం ఉండేది. 49.7 రోజులు ఆపకుండా నడిపితే యంత్రం బిగుసుకుపోయేది. పాత కంప్యూటర్ల చరిత్ర చదివిన కుర్రాడికి ఆ 49.7 అనే అంకె కంటపడగానే విషయం తట్టేస్తుంది. ఏఐ రాసిచ్చిన కోడును అలాగే ఎక్కించినవాడికి తట్టదు. ఏఐ చాలాసార్లు సరిగానే రాస్తుంది, కాదనను. కానీ అది రాసినది సరైనదో కాదో గట్టు మీద నిలబడి చెప్పాల్సింది మనిషే. బల్ల మీద పది నిమిషాల పరీక్షలో అన్నీ బాగానే నడుస్తాయి.

కంపైలర్ సంగతీ అంతే. ఫ్లోట్ స్విచ్ తగిలినప్పుడు ఇంటరప్ట్ వచ్చి ఒక చరరాశిని మారుస్తుంది, అసలు ప్రోగ్రాం లూపులో దాన్నే కనిపెట్టుకుని ఉంటుంది. ఈ లూపులో ఆ విలువను మార్చేవాళ్లు ఎవరూ లేరని కంపైలర్ గమనించి, వేగం కోసం ఒకసారి రిజిస్టరులోకి తెచ్చుకున్న పాత విలువనే పదేపదే చూస్తుంది. ఆప్టిమైజేషన్ లేకుండా నడిచిన ప్రోగ్రాం అది పెట్టగానే ఆగిపోతుంది. వోలటైల్ అనే ఒక్క మాట చేరిస్తే సరిపోతుంది. పార్సింగ్ టేబుళ్లు బట్టీపట్టి ఆరో సెమిస్టరు దాటిన విద్యార్థికి ఆ మాట ఎందుకుందో తెలియదు. కంపైలర్ వెలువరించిన అసెంబ్లీని ఒక్కసారి కళ్లతో చూసినవాడు మాత్రం మరచిపోడు.

"ఆ ల్యాబులు ఇప్పటికే ఉన్నాయిగా, ఎవరికేం ఒరిగింది?" అంటారు. ఇందులో నిజం ఉంది. చాలాచోట్ల మైక్రోప్రాసెసర్ ల్యాబంటే నిరుటి రికార్డు చూసి 3ఈ, 80, 76 అంటూ హెక్స్ కీలు నొక్కి, జవాబు వచ్చిందని సంతకం పెట్టించుకోవడమే. 3ఈ అంటే ఆ పక్క బైటును అక్యుములేటరులోకి తెమ్మని, 80 అంటే అలా తెచ్చుకోవాల్సిన ఆ బైటేనని, 76 అంటే ఆగమని. ఆ మూడు బైట్ల వెనుక గడియారపు టిక్కులు, బస్సు మీద చిరునామా, మెమరీ నుంచి వచ్చే జవాబు ఉన్నాయని ఎవరైనా ఒక గంట కూర్చోబెట్టి చూపిస్తే ఆ విద్యార్థి ఏ యంత్రం ముందైనా ధైర్యంగా కూర్చుంటాడు. చెడిపోయింది బోధన. దాన్ని బాగుచేయకుండా సబ్జెక్టునే తీసేయమనడం నాకు సమ్మతం కాదు.

"పాతది" అన్న మాటతో ఈ చదువును కొట్టిపారేసేవాళ్లు మన చరిత్రనే మరచిపోతున్నారు. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను పెట్టారు. భాభా అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 అనే పన్నెండు బిట్ల కంప్యూటర్‌ను తయారుచేసింది ఆ సంస్థే. ఆ తరం ఇంజినీర్లకు ప్రతి బిట్టూ చేతిలో పని. 1984-85లో కేంద్రం మొదలుపెట్టిన క్లాస్ పథకంలో మన దేశపు బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. 32 కిలోబైట్ల ర్యామ్, 6502 ప్రాసెసర్. దాని బేసిక్ భాషలోనే అసెంబ్లర్ ఇమిడి ఉండేది. పిల్లవాడు కోరుకుంటే బేసిక్ నుంచి నేరుగా యంత్రభాషలోకి దిగిపోవచ్చు. ఆ బేసిక్‌ను రాసిన సోఫీ విల్సన్, ఆ యంత్రం మీద పనిచేసిన స్టీవ్ ఫర్బర్ కలిసి ఆర్మ్ ప్రాసెసర్‌కు రూపమిచ్చారు. మొదటి ఆర్మ్ చిప్పు 1985 ఏప్రిల్ 26న పనిచేసింది. ఈరోజు ఏలూరు పవర్‌పేటలో ఎవరి జేబులో ఫోను తీసి చూసినా దాదాపుగా ఆ వంశపు ప్రాసెసరే ఉంటుంది. ఇప్పటి యంత్రాన్ని కట్టినది నిన్నటి యంత్రం అడుగుదాకా తెలిసినవాళ్లు.

ఇంకా దగ్గరి సాక్ష్యం కావాలంటే 1990ల చివరి సంవత్సరాలు గుర్తుచేసుకోవాలి. మెమరీ పొదుపు కోసం సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న పాత ప్రోగ్రాములు 2000లో తప్పుతాయన్న భయమే వైటూకే. హైదరాబాదు అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేములూ కోబాల్ నేర్చుకుని విమానమెక్కిన గోదావరి జిల్లాల పిల్లలు ఎందరో! ఊళ్లో మేడలు లేపిన ఆ డాలర్లలో కొంత భాగం పాత ప్రోగ్రాముల మరమ్మతు కూలీ. అలాంటి గడువు ఇంకొకటి ముందుంది. 32 బిట్ల గుర్తుసంఖ్యలో కాలాన్ని లెక్కపెట్టే వ్యవస్థలు 2038 జనవరి 19న, మన సమయం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు దాటగానే 1901 డిసెంబరుకు వెళ్లిపోతాయి. పెద్ద సర్వర్లను చాలావరకు మార్చేశారు. సబ్‌స్టేషన్లలో, ఫ్యాక్టరీల్లో, గట్ల మీద పెట్టెల్లో దాగిన చిన్న చిప్పుల సంగతే చూడాలి. ఇప్పుడు మొదటి సంవత్సరం చదువుతున్నవాళ్లకు అప్పటికి ముప్పై ఏళ్లకు అటూ ఇటూ ఉంటాయి. ఆ పని వాళ్లదే.

ఏఐ వచ్చింది గనక కింది పొరలు అక్కర్లేదనడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. 2024 డిసెంబరులో వచ్చిన డీప్‌సీక్-వీ3 మోడల్‌ను 2,048 హెచ్800 జీపీయూల మీద తయారుచేశారు. వాటి నుంచి పూర్తి పని రాబట్టడానికి, ఎన్‌విడియా చిప్పుల అసెంబ్లీ లాంటి పీటీఎక్స్ స్థాయికి దిగి ఆదేశాలు రాసుకున్నామని వాళ్ల నివేదికే చెబుతుంది. బెంగళూరు ఐఐఎస్సీకి చెందిన ఉదయ్ బొంధుగుల ప్లూటో కంపైలర్ మీద చేసిన కృషి, ఐఐటీ హైదరాబాదులో రామకృష్ణ ఉపద్రష్ట బృందం ఎల్ఎల్‌వీఎం మీద చేస్తున్న ఐఆర్‌టూవెక్ లాంటి పరిశోధనలు ఈ కింది పొరల రంగంలోవే. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్ఐటీ ఉంది, భీమవరంలో 1980 నుంచి ఎస్ఆర్‌కేఆర్ కళాశాల ఉంది. ఇక్కడి పిల్లలకు ఆ దారి చూపకుండా వెబ్‌పేజీల దగ్గరే ఆపేయడం వాళ్ల మీద నమ్మకం లేకపోవడమే.

మన లిపికీ ఈ చదువుతో పని ఉంది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరపు వరుస తెర మీదికి రాగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక సున్నా వెడల్పు గుర్తు, దీర్ఘం: ఐదు కోడ్‌పాయింట్లు, యూటీఎఫ్-8లో పదిహేను బైట్లు. అక్షరాలను పేర్చి గీసే కింది పొరలో ఆ కలయికకు చోటు లేదు. ఆ వారాల్లో తెలుగు అక్షరమంటే ఫోన్లను చంపే ఆయుధమని ప్రపంచమంతా చెప్పుకుంది, ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. తెలుగు గుణింతాలు ఎలా పేరుకుంటాయో పుట్టుకతో తెలిసినవాళ్లు ఆ పొరలో పనిచేసేవాళ్లలో మరింతమంది ఉండాలని కోరడం అత్యాశ కాదు.

"ఉద్యోగం, అప్పు, నాలుగేళ్ల గడువు" అనే తల్లిదండ్రుల ఆందోళనను నేను గౌరవిస్తాను. కానీ ఈ చదువు ఖరీదైనదన్న భ్రమ పోవాలి. జీసీసీ, ఎల్ఎల్‌వీఎం, క్యూఈఎంయూ, లినక్స్ అన్నీ ఉచితం. మైక్రోకంట్రోలర్ బోర్డు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఐఐటీ మద్రాసు శక్తి ప్రాసెసర్లకు మూలమైన రిస్క్-ఫైవ్‌లో పూర్ణసంఖ్యల మూల ఆదేశాలు నలభై ప్రాంతం; ఏ విద్యార్థైనా ఒక సెమిస్టరులో వాటికి ఎమ్యులేటర్ రాసేయగలడు. తుక్కుకు వేసే పాత పీసీ చాలు. ఏ క్లౌడ్ ఖాతా, ఏ నెలసరి చందా అక్కర్లేని చదువు ఇది. మారుమూల ముదినేపల్లి కుర్రాడికీ బెంగళూరు కుర్రాడికీ ఇక్కడ పెట్టుబడి ఒక్కటే. పైగా చెరువుకు తెచ్చిన పెట్టె మొరాయిస్తే కంపెనీ మనిషి వచ్చేదాకా పంట ఆగదు. ఊళ్లోనే విప్పి చూడగలిగినవాడు ఉంటే రైతు నిలబడతాడు, వాడికీ బతుకుతెరువు దొరుకుతుంది.

ఈ జిల్లాల కళాశాలలు చేయాల్సినదాంట్లో కష్టమేమీ లేదు. బజారులో కొనితెచ్చే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల బదులు, ఒక్కో బృందానికి ఒక ఏరేటర్ స్టార్టరు ఇవ్వాలి. దానికి సొంతంగా కోడు రాయించి, కంపైలర్ ఇచ్చిన అసెంబ్లీని పక్కన పెట్టి చదివించాలి. వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్ "నలభై తొమ్మిది రోజుల తరువాత ఏమవుతుంది?" అని అడగాలి. జవాబు కోసం 49 రోజులు ఆగక్కర్లేదు. మిల్లీసెకన్ల లెక్కను 429 కోట్ల 49 లక్షల 60 వేల దగ్గర మొదలుపెడితే, ఎనిమిది సెకన్లు తిరక్కుండానే మోటారు తిరుగుతుందో ఆగుతుందో అందరి కళ్ల ముందూ తేలిపోతుంది.